పైడయ్య మేస్త్రి వదిలిన సందు

మొన్న వేసవిలో దువ్వాడలోని మా ఇంట్లో హాలు నేల లేచి నిలబడింది. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, ఠప్పుమని ఓ చప్పుడు. నాకు మొదట పక్కింటివాళ్ళ మీద అనుమానం వచ్చింది, వాళ్ళు పై అంతస్తు కడుతున్నారు. తర్వాత మా ఆవిడ కుక్కరు మీద. లేచి వెళ్ళి చూస్తే హాలు మధ్యలో నాలుగు టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని డేరాలాగా పైకి లేచి ఉన్నాయి. మా ఆవిడ భూకంపమంది. మా అబ్బాయి ఆఫీసు నుంచి ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు, "టైల్స్ మేస్త్రి మోసం చేశాడు నాన్నా, సిమెంటు తక్కువ కలిపుంటాడు, పిలిచి నిలదియ్యి" అని. నేను నేల మీద చతికిలబడి పక్క టైల్స్‌ని వేలి కణుపుతో తట్టి చూశాను. అతుకు కనపడకూడదని మా అబ్బాయే దగ్గరుండి ఒకదానికొకటి ఆనించి వేయించాడు. ఎండకి నేల వేడెక్కి టైల్ సాగింది. సాగడానికి సందు లేక పైకి లేచింది. మోసం లేదు, మన్నూ లేదురా అని చెప్పాను. "నీకెలా తెలుసు?" అన్నాడు. తెలుసు అని ఊరుకున్నాను. ఎలా తెలుసో అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు.

నా ఉద్యోగమంతా బాయిలర్ల పొట్టల్లో గడిచింది. మిల్లుల్లో ఆవిరి పుట్టించే బాయిలరుకి మంట మండే గది ఒకటి ఉంటుంది. ఆ గది లోపలంతా మంటకి తట్టుకునే ఇటుక కడతారు, ఫైరిటుక అంటాం. ఆ గోడ లేకపోతే బయటి ఇనుము ఎర్రబడి వంగిపోతుంది. అప్పుడప్పుడూ మంట ఆపి, రెండు మూడు రోజులు చల్లారనిచ్చి, మనిషి దూరేంత కంతలోంచి లోపలికి పాకి, చిన్న సుత్తితో ఒక్కో ఇటుకనీ తట్టి చూడాలి. గట్టిది ఖంగుమంటుంది. వదులైంది డబ్బుమంటుంది. డబ్బుమన్నదాని మీద నేను సుద్దముక్కతో గుర్తు పెడితే మేస్త్రి దాన్ని విప్పి కొత్తది కట్టాలి, కట్టాక నేను మళ్ళీ తట్టాలి. ఒక్క ముక్కలో చెప్పాలంటే నాకు జీతం ఇచ్చింది అనుమానించడానికి. ఎంత అనుమానిస్తే అంత మంచి ఇన్‌స్పెక్టరు. ఇంట్లో కూడా ఆ బుద్ధి పోలేదు. పాలవాడి చెంబు నుంచి పెళ్ళిపత్రికలో ముహూర్తం దాకా అన్నీ తట్టి చూస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

చీపురుపల్లి వైపు మా ఊరు. డిప్లొమా అవగానే ఆటోనగర్లో బాయిలరు గోడలు కట్టే ఓ చిన్న కంపెనీలో చేరాను. బస్సెక్కిస్తూ మా నాన్న చెప్పిన బుద్ధి ఒక్కటే, పట్నంలో ఎవర్నీ నమ్మకు అని. ఆ మాట నేను అన్నం మూట కన్నా భద్రంగా తెచ్చుకున్నాను. కంపెనీలో పెద్ద మేస్త్రి పైడయ్య. ఆయన ఇల్లు ఆటోనగర్ వెనకాలే, గాజువాక వెళ్ళే దారిలో, రెండు గదుల పెంకుటిల్లు. పక్క గది నాకిచ్చారు, భోజనం కూడా అక్కడే. మేస్త్రి భార్య నరసమ్మని నేను అప్ప అనేవాణ్ణి, మా వైపు అక్కని అలాగే అంటాం. వాళ్ళకి పిల్లల్లేరు. అప్పకి తమ్ముడొకడున్నాడు, గురువులు. తల్లి పోతే అప్పే వాణ్ణి చంకనెత్తుకుని పెంచిందట. పెళ్ళయ్యాక మొగుడింటికి వస్తూ వాణ్ణి కూడా తెచ్చుకుంది. అలా బావ దగ్గరే పని నేర్చుకుని, బావ తర్వాత బావంతటి వాడయ్యాడు. వాడి కాపురం రెండు వీధుల అవతల, కానీ పూట గడిచేది ఇక్కడే.

పైడయ్య మేస్త్రి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఉదయం కళ్ళు తెరవగానే ఆయన చేసే మొదటి పని ట్రంకుపెట్టెకి వేసిన రెండు తాళాలూ లాగి చూడటం. పాలు వస్తే వేలు ముంచి నేల మీద చుక్క వేసి, అది పారే తీరు చూసేవాడు. సంతలో కుండ కొనాలంటే పది కుండలు తట్టేవాడు, పదకొండోది కొనేవాడు. ఎవరింటికైనా పెళ్ళికి వెళ్ళినా ముందు గోడ తట్టి, "లోన బోలుగున్నాది" అని అందరి ముందూ అనేసేవాడు. అప్ప సిగ్గుతో చచ్చిపోయేది. పని నుంచి వచ్చాక పెరట్లో రాతిబండ మీద కూర్చుంటే అప్ప ఆయన చేతులకి కొబ్బరినూనె రాసేది, మట్టి పిసికి పిసికి వేళ్ళు పగిలిపోయేవి. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడిసిన ఫైర్‌మట్టి, కొబ్బరినూనె, అప్ప కాల్చే చుట్ట. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, ఆ అడ్డపొగతోనే మాట్లాడుతూ, పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ ఉండేది. పొద్దున్నే రాగులతో కాచిన చోడంబలి, పచ్చి ఉల్లిపాయ. ఆదివారం మాత్రం గురువులు భీమునిపట్నం నుంచి బస్సులో నెత్తళ్ళ చేపలు తెచ్చేవాడు. మామిడికాయ వేసి అప్ప వండితే, ఆ ఒక్క పూట మేస్త్రి కూడా ఏదీ తట్టకుండా తినేవాడు.

"ఇయ్యి నిన్నటి సేపలు కాదు గదా" అని మాత్రం అడిగేవాడు.

"కాదు బావా. పడవలోంచి దిగడం నాను సూసినాను" అనేవాడు గురువులు.

"నువ్వు సూసినావో నేదో నానెలా సూత్తాను" అంటూ మళ్ళీ వడ్డించుకునేవాడు.

ఆ ఇంట్లో నేను ఏడాదిన్నర ఉన్నాను. ఇష్టంగానే ఉన్నాను. కానీ నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, తిన్నింటి వాసాలు లెక్కపెడుతూనే ఉన్నాను. మేస్త్రి రాత్రి సుత్తి తల కింద పెట్టుకుని ఎందుకు పడుకుంటాడు, గురువులుతో పెరట్లో గుసగుసలేమిటి, నేను రాగానే ఎందుకు ఆపుతారు. ఇలాంటివి ఆలోచించని రోజు లేదు. అన్నిటికన్నా నన్ను తొలిచింది ఇంకొకటి. ఏ బాయిలర్లో గోడ కట్టినా, అది నడుము దాటేసరికి పైడయ్య అందర్నీ బయటికి తరిమేసేవాడు.

పోర్టుకి వెళ్ళే దారిలో ఓ నూనె మిల్లు ఉండేది. దాని బాయిలర్లో ముందు గోడ మొత్తం విప్పి కొత్తది కడుతున్నాం. ఊక, బొగ్గు కలిపి మండించే పాత బాయిలరు. ఆరో రోజున, గోడ నడుము దాటాక, పైడయ్య చేతులు దులుపుకున్నాడు.

"అందరూ టీ తాగి రండి. నాను పిలిచినాకే లోనకి రావాలి."

"నువ్వు తాగవా బావా?" అన్నాడు గురువులు.

"నాకొద్దు. ఎల్లండెల్లండి."

టీ కొట్టు దగ్గర గురువుల్ని పక్కకి లాగి అడిగాను, ఒంటరిగా ఏం చేస్తాడు మీ బావ అని.

"పతీ బాయిలర్లోనూ అంతే బాబూ. అడిగితే తాపీ ఇసురుతాడు" అన్నాడు.

"నీకూ తెలీదా?"

గురువులు గ్లాసులోకి చూస్తూ నవ్వాడు. "తెలుసు. తెలిసినోణ్ణి నానొక్కణ్ణే. సెప్తే మాత్రం బావ నన్ను బతకనివ్వడు."

దొంగలూ దొంగలూ కలిసి ఊళ్ళు పంచుకున్నారన్నమాట అనుకున్నాను. ఆ నవ్వు నాకు అలాగే కనపడింది. ఇప్పుడు తలుచుకుంటే అది బావంటే పడి చచ్చే మనిషి నవ్వు, అంతే.

మర్నాటికి గోడ పూర్తయింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు నేను సుత్తి, చేతిదీపం పట్టుకుని, మేస్త్రి పక్కన లేకుండా మొదటిసారి ఒక్కణ్ణే లోపలికి పాకాను. బొమ్మ ప్రకారం, అంటే కంపెనీ వాళ్ళు ఇచ్చిన డ్రాయింగు ప్రకారం, ఆ గోడలో నిలువుగా రెండు సందులు వదలాలి. వేడికి ఇటుక ఉబ్బుతుంది కాబట్టి వేలెడు చోటు ఉంచి, దాంట్లో తెల్లటి దూదిలాంటి పలక పెడతారు. అవి రెండూ ఉన్నాయి, సరిగ్గానే ఉన్నాయి. తట్టుకుంటూ కుడివైపు తలుపు కమాను దగ్గరికి వచ్చేసరికి డబ్బుమంది. పైన పల్చగా మట్టి పూసి ఉంది. మేకుతో గీకితే మట్టి రాలి, లోపల అట్టముక్క కనపడింది. సబ్బుల పెట్టె చింపిన అట్ట. మీద సబ్బు పేరు సగం చదవడానికి వస్తోంది. మంట మండే గోడలో అట్టముక్కలు పెడతాడా ఏ మేస్త్రయినా. లాగుతుంటే పై నుంచి కింది దాకా వస్తూనే ఉన్నాయి. బొమ్మలో లేని మూడో సందు అది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇటుక సరిగ్గా కుదరక, కోసి కుదిర్చే ఓపిక లేక, అట్టలు కుక్కి పైన మట్టి మెత్తి మూసేశాడనుకున్నాను. అందుకే అందర్నీ బయటికి పంపేది. అందుకే గురువులు నవ్వింది. ఇంజనీరుకి చెబితే పైడయ్య పని పోతుంది, ఆ ఇంట్లో నా గదీ పోతుంది, అప్ప చేతి అన్నమూ పోతుంది. పైడయ్యనే అడిగితే? ఏ దొంగ ఒప్పుకున్నాడు గనక. కాబట్టి నేనే ఓ గొప్ప ఉపాయం ఆలోచించాను. పక్కనే బేసిన్‌లో కలిపిన మట్టి మిగిలి ఉంది. అట్టలన్నీ పీకేసి, ఆ సందు నిండా మట్టి కూరి, తాపీ కొసతో పొడిచి పొడిచి గట్టిచేసి, పైన నున్నగా పూశాను. మళ్ళీ తట్టాను. ఖంగుమంది. అట్టముక్కలు చొక్కాలో దోపుకుని బయటికొచ్చి ఊక కుప్పలో పడేశాను. నా అంత మంచివాడు లేడనుకున్నాను ఆ రోజు. మేస్త్రి పరువు కాపాడాను, గోడనీ కాపాడాను. సాయంత్రం అప్ప అన్నం వడ్డిస్తుంటే మనసులో నీ మొగుణ్ణి నేనే కాశానమ్మా అనుకుంటూ తిన్నాను.

కొత్త గోడకి ఒకేసారి మంట పెట్టకూడదు. కొత్త మట్టిపొయ్యిని పిడకల సెగతో మెల్లగా ఆరబెట్టినట్టే, మూడు రోజులు చిన్న మంటతో తడి ఆర్చి, తర్వాత పెంచుకుంటూ పోతారు. నాలుగో రోజున పూర్తి మంట వేశారు. ఐదో రోజు మధ్యాహ్నం మంట వేసే మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, గోడకి కడుపొచ్చిందన్నాడు. చూపు కంతలోంచి చూశాను. కుడివైపు కమాను దగ్గర ఇటుకలు లోపలికి ఉబ్బి, నిండు నెలల మనిషిలా ఉంది గోడ. నేను చూస్తుండగానే నాలుగు వరసలు జారి మంటలో పడ్డాయి. అక్కడికక్కడే, ఆ కంత దగ్గరే, నాకు అంతా అర్థమైంది. పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న సంగతే. ఇటుక సాగింది, సాగడానికి చోటు లేదు, ఆ చోటు పూడ్చింది నేను.

మంట ఆపించి, చల్లారాక పైడయ్య లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆయన చేతిలో కాలి గట్టిపడిన మట్టి పలక ఒకటి ఉంది, వేలెడు మందం. మిల్లు మేనేజరు అరుస్తున్నాడు, మా ఇంజనీరు తల వంచుకున్నాడు. పైడయ్య వాళ్ళిద్దర్నీ చూడలేదు. తిన్నగా గురువులు ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"నా సందు పూడ్సింది నువ్వే."

గురువులుకి ముందు అర్థం కాలేదు. "ఏటి బావా?"

"ఇక్కడొక సందుందని నాకు తెలుసు, నీకు తెలుసు. మూడో కంటికి తెల్దు. ఏరేగా మేస్త్రి అవుతానని ఆటోనగర్ల తిరుగుతన్నావంట గదా. నా గోడ కూలితే నీ గోడ లెగుస్తాదనుకున్నావు."

"సింహాద్రప్పన్న మీద ఒట్టు బావా. నాను ముట్టుకోనేదు."

"ఒట్లు నమ్మితే ఈ పని సెయ్యలేను రా" అన్నాడు పైడయ్య. గొంతు పెంచలేదు. పలకని నేల మీద పెట్టి, తన సుత్తి తీసుకుని గేటు వైపు నడిచాడు. గురువులు ఆయన వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచి, నేను పూడ్చాను అంటే రెండు మాటలు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఈ పూట చెబితే ఉద్యోగం పోతుంది, రేపు మేస్త్రి కోపం చల్లారాక ఇంట్లో చెబుదాం అనుకున్నాను. ఆ రేపు వాయిదా పడుతూ పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను అదీ చెయ్యలేదు. నన్నెవరూ అననేలేదు కదా.

ఆ తర్వాత గురువులు గుమ్మం తొక్కలేదు. తొక్కనివ్వలేదు మేస్త్రి. ఆదివారాల్లో చేపల వాసన లేదు. అప్ప పప్పుచారు కాచి పెట్టేది, ముగ్గురం మాట్లాడకుండా తినేవాళ్ళం. తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్తే మళ్ళీ ఈ ఇంటికి రావద్దని మొగుడు చెప్పాడట. తల్లీ తండ్రీ లేని మనిషికి పుట్టిల్లంటే ఆ తమ్ముడే. ఓ రోజు మేస్త్రి ఇంట్లో లేనప్పుడు, అప్ప చుట్ట ఆర్పి, నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బాబూ, నువ్వు సదూకున్నోడివి. ఆ గోడ నీ సేత్తో తట్టి సూసినోడివి. మా గురువులు ఆ పని సేసుంటాడంటావా?"

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. ఆ గుండీల మీంచి చూపు ఎత్తలేదు. "ఏమో అప్పా" అన్నాను.

చేశాడు అనలేదు, చెయ్యలేదు అనలేదు. కొట్టేవాడి కన్నా ఈ ఏమో అనేవాడు ఎక్కువ చెరుపు చేస్తాడని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ సరే అని వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఆవిడకి తమ్ముడి మీద అనుమానం లేదు. ఆ రోజు నుంచి మొదలైంది.

ఇంకో నెలకి పైడయ్య నన్ను ఓ కొత్త బాయిలరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గోడ నడుము దాటాక ఎప్పట్లాగే అందర్నీ బయటికి పంపి, నా భుజం పట్టుకుని ఆపాడు.

"నువ్వుండు సన్నాసి బాబూ." నా పేరు సన్యాసిరావు, ఆయన నోట్లో అది సన్నాసి. "బామ్మర్దికి సెప్పి సెడిపోనాను. నీకు సెప్తాను. నువ్వు నమ్మకస్తుడివి."

అప్పుడు చెప్పాడు. లోపలికి దూరే ముందు ఆయన చూసేది గోడని కాదట, మంట వేసే మనిషి స్టూలు ఎక్కడుందో చూస్తాడట. నూనె మిల్లులో ఆ స్టూలు తలుపుకి ఎడమవైపు ఉంది, ఫ్యాను అక్కడుంది కాబట్టి. ఎడమవైపు నిలబడ్డవాడు పార విసిరితే బొగ్గు కుడివైపే పడుతుంది, మంటంతా కుడి మూలకి చేరుతుంది. అక్కడి ఇటుక మిగతా గోడ కన్నా ఎక్కువ సాగుతుంది. "బొమ్మ గీసినోడికి ఫ్యాను ఏ పక్కనుందో తెలుస్తాదేటి" అన్నాడు. అందుకని ఆ మూలలో తనంతట తను మూడో సందు వదిలి, అట్ట పెడతాడు. మంటకి అట్ట కాలిపోయి, సాగే చోటు మిగులుతుంది. "ఇటుకని కాదు బాబూ, మనిసిని అనుమానించాల" అని నా చేతికి అట్టముక్క ఇచ్చి, నా చేత్తోనే పెట్టించాడు. ఎవరైనా నేర్చుకుని పోతారన్న భయంతో అన్నేళ్ళు దాచుకున్న విద్యని, దాన్ని పాడుచేసినవాడి చేతిలోనే పెట్టాడు. లోకంలో అందర్నీ తట్టి చూసిన మనిషి నన్ను మాత్రం తట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ విద్యతోనే నేను పైకొచ్చాను. ఆ ఇంట్లో ఉండలేక, అప్ప మొహం చూడలేక, పెద్ద కంపెనీకి మారిపోయాను. ఎక్కడికి వెళ్ళినా ముందు స్టూలు చూసేవాణ్ణి, ఫ్యాను చూసేవాణ్ణి. సన్యాసిరావు చూసిన గోడ కూలదు అని పేరొచ్చింది. ఇప్పుడు కంతలోంచి ఎవరూ పాకనక్కర్లేదు. కడ్డీకి కెమెరా కట్టి లోపలికి పంపి, బయట ఏసీ గదిలో తెర మీద చూసుకుంటున్నారు. రిటైరయ్యే ముందు ఓ కుర్ర ఇంజనీరుని అడిగాను, మంట వేసేవాడు ఎక్కడ నిలబడతాడో చూశావా అని. మంట వేసేవాడంటూ ఇప్పుడెవరూ లేరు సార్, బెల్టు మీద బొగ్గు దానంతటదే వెళ్తుందన్నాడు. నిజమే. పనిలో మోసానికీ చోటు తగ్గింది, పొరపాటుకీ తగ్గింది. అప్పుడు మాకు మనుషుల్ని అనుమానించడమే పని, ఇప్పుడు మనుషులే అక్కర్లేదు. ఏది మేలో చెప్పమంటే నేను చెప్పలేను. కానీ కెమెరా అయితే ఆ అట్టముక్కల్ని ఫోటో తీసి అందరికీ చూపించి ఉండేది, అవేమిటో పైడయ్య చెప్పుకునేవాడు, అప్ప ఆదివారాలు అప్పకి మిగిలేవి. ఈ ఒక్కటీ తెలుసు.

పైడయ్య పోయి చాలా ఏళ్ళయింది. చావుకి వెళ్ళాను. గురువులు వీధి చివర కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాడు, ఇంట్లోకి పిలిచినవాళ్ళు లేరు. పిలుస్తుందేమో అని నేను అప్ప వైపు చూశాను. పిలవలేదు. తర్వాత వాడు భీమునిపట్నంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. టైల్స్ లేచిన వారానికి ఆటోనగర్ పాత మనిషొకడు కనపడి, గురువులుకి ఒంట్లో బాగోలేదు, మంచం మీదున్నాడని చెప్పాడు. మూడు రోజులు అన్నం సయించలేదు నాకు. నాలుగో రోజు పొద్దున్నే ఆటో ఎక్కి అప్ప ఇంటికి వెళ్ళాను. అప్పతో నిజం చెప్పి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని భీమునిపట్నం వెళ్ళి, తమ్ముడి ముందు కూర్చోబెట్టాలి. అంతకన్నా ఇంకేమీ కోరలేదు.

పెంకుటిల్లు లేదు, డాబా ఉంది. అప్ప కింది గదిలో ఉంటూ ఆటోనగర్ షెడ్లలో పనిచేసే పదిమందికి మధ్యాహ్నం భోజనం వండి పెడుతోంది. నడుం వంగింది, చూపు బాగానే ఉంది. గోంగూర ఒలుస్తోంది. కుశల ప్రశ్నలయ్యాక, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పేశాను.

"అప్పా, నూనె మిల్లు గోడలో సందు పూడ్చింది గురువులు కాదు. నేను."

ఆవిడ చేతులు ఆగలేదు. "గురువులు కబురెట్టినాడా?" అంది.

"లేదప్పా. వాణ్ణి చూసి ఎన్నేళ్ళయిందో."

"మంచం మీదున్నాడంట గదా. పోయేలోగా అప్ప సేత తప్పు నేదనిపించుకుందారని నిన్ను పంపినాడు."

"ఎవరూ పంపలేదు. నేనే చేశాను. అట్టలు పెట్టాడని దొంగపని అనుకున్నాను. అన్నాల వేళప్పుడు ఒక్కణ్ణే వెళ్ళి పీకేశాను. సబ్బుపెట్టె అట్టలు. మట్టి కూరి, తాపీ కొసతో పొడిచాను."

"ఆ అట్టల సంగతి ఆడికీ తెలుసు గదా. ఆడే సెప్పుంటాడు."

"నేను అబద్ధమెందుకు చెప్తానప్పా?"

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "నిజమైతే ఆ యేలే సెప్పుందువు. గుమ్మంలో నిలబడి అడిగినాను గదా నిన్ను. ఏమో అన్నావు. సేసినోడు ఏమో అంటాడేటి?"

భయపడ్డానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మా ముసిలోడు పెళ్ళాన్నీ నమ్మినేదు బాబూ. నాను పెట్టిన బువ్వ వాసన సూసి తినీవోడు. అలాంటోడు నిన్నొక్కడ్నే నమ్మినాడు. పోయే ముందర కూడా సన్నాసి బంగారమన్నాడు. ఆయన కన్ను తప్పుతాదేటి. నువ్వు మెత్తనోడివి. ఆడేదో ఏడిసుంటాడు, నువ్వు కరిగిపోనావు."

ఒట్టు పెడతానన్నాను. ఆవిడ నవ్వింది. నాతో భీమునిపట్నం రమ్మని, వాడి ముందే చెబుతానని బతిమాలాను. నానేల రావాల, తప్పు సేసినోడే రావాల అంది. ఎంత చెబితే అంత గట్టిపడింది. నన్ను నమ్మితే, తమ్ముడు లేకుండా గడిపిన ఏళ్ళన్నీ ఉత్తపుణ్యానికి పోయినట్టే కదా. ఆవిడ చేతులు మాత్రం కాసేపు గోంగూర మీద ఊరికే ఉండిపోయాయి. మళ్ళీ ఒలవడం మొదలెట్టింది. నాకు ఏడుపొచ్చింది. పంచె చెంగుతో తుడుచుకుంటుంటే, చూశావా, నీది జాలి గుండె అంది.

లేవబోతే చెయ్యి పట్టి ఆపింది. బువ్వ తినకుండా ఎల్లకు, ఎండగున్నాది అంది. తిట్టి గెంటేస్తుందనుకుని వెళ్ళాను. పీట వేసి, కంచం కడిగి, నాకు వేడన్నం పెట్టింది. కూర రెండోసారి కూడా వడ్డించింది. తిన్నాను.